తోడు గడి

ఆ వేసవిలో నేను పదకొండుసార్లు ఇస్త్రీ గదిలోకి వెళ్ళినట్టు పుస్తకంలో ఉంది. నిజానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈ రెండు మాటల మధ్య మా ఇల్లు రెండు ముక్కలైంది.

నేను జైల్లో ఆడవాళ్ళ వార్డుకి వార్డర్ని. పందొమ్మిదేళ్ళ సర్వీసు, రెండు మోకాళ్ళ నొప్పులు, ఎవరినైనా ఠకీమని అనేసే నోరు, ఇవీ నా ఆస్తులు. మా ఆయనకి గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. మా మరిదిని ఇంట్లో చిన్నోడు అంటాం. వాడు అదే జైల్లో అసిస్టెంట్ జైలర్. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పదేళ్ళు, తల్లి లేదు. నాకూ పిల్లలు పుట్టలేదు. జ్వరమొస్తే వాడు నా ఒళ్ళోనే పడుకునేవాడు. ఈ ఉద్యోగానికి దరఖాస్తు నేనే తెచ్చి, నేనే నింపి, ఇక్కడ సంతకం పెట్టరా అని కలం చేతిలో పెట్టాను. మొదటిరోజు యూనిఫాంలో వాడు గేటు దాటుతుంటే లేచి సెల్యూట్ కొట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. కడుపున పుట్టకపోతేనేం, వాడే నా కొడుకు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మా అందరికీ కొత్త చట్టం మీద ఒక పూట క్లాసు పెట్టారు. ఒక లాయరమ్మ వచ్చింది. సన్నగా ఉంది కానీ గొంతు మాత్రం హాలు చివరిదాకా వినబడుతోంది.

"అదుపులో ఉన్న మనిషిమీద అధికారి చెయ్యేస్తే, ఆమె ఒప్పుకుంది అనే మాట ఇక కోర్టులో చెల్లదు," అంది. "అన్నం మీ చేతిలో, నీళ్ళు మీ చేతిలో, ములాఖత్ మీ చేతిలో, తాళం మీ చేతిలో. అన్నీ మీ దగ్గర పెట్టుకుని ఒప్పుకుందంటే అదేం ఒప్పుకోలు?"

మా చిన్నోడు లేచాడు. వాడికి చిన్నప్పట్నుంచీ నోరు ఊరుకోదు.

"మేడమ్, మరి వాళ్ళే నవ్వుతూ మీద పడితేనో?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు దాచాలి, బాగానే నవ్వాను.

లాయరమ్మ మాత్రం నవ్వలేదు. "తాళంచెవి మీ జేబులో ఉంది కదా సార్. ముందు అది ఆమె చేతికివ్వండి. తలుపు తీసుకుని వెళ్ళిపోయే దారి ఉన్నప్పుడు కూడా నవ్వుతుందేమో, అప్పుడు చూద్దాం. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అందుకే ఈ చట్టం."

అందరం హాజరు పట్టీలో సంతకాలు పెట్టి బయటపడ్డాం. "జైలంటే ఏంటో తెలీని వాళ్ళంతా మనకి పాఠాలు చెప్పేవాళ్ళే వదినా," అన్నాడు చిన్నోడు. "నోర్ముయ్ రా, రూలంటే రూలే," అన్నాను. ఆ తర్వాత సాయంత్రం ఏం కూర చెయ్యమంటావని అడిగాను.

మా వార్డు గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. మగ ఆఫీసరు ఎవరు లోపలికి రావాలన్నా అందులో పేరు, టైము రాయాలి. పక్కన తోడు గడి ఉంటుంది. ఆడ వార్డర్ ఆయన వెంట ఉండి, తిరిగి బయటికి పంపి, అప్పుడు ఆ గడిలో సంతకం పెట్టాలి. రోజుకి ఒక పేజీ, పేజీకి పన్నెండు గళ్ళు. రూలు ఇది. మేం చేసేది వేరు. పొద్దున డ్యూటీ ఎక్కగానే పన్నెండు గళ్ళకీ పైనుంచి కిందకి గీసుకుంటూ పోయేవాళ్ళం. పగలంతా కుట్టుహాల్లో ముప్ఫైమందిని చూసుకోవాలి, ప్రతిసారీ గేటు దాకా ఎవరు పరిగెత్తుతారు? నాకు నేర్పిన పెద్ద వార్డర్ అలాగే చేసేది, నా తర్వాత వచ్చినవాళ్ళకి నేనూ అదే నేర్పాను. సంతకం ఉందా, గేటు తెరుచుకుంటుంది. ఎవరూ అంతకుమించి చూడరు.

చిన్నోడు వారానికోసారి యూనిఫాంల కోసం వచ్చేవాడు. ఆఫీసర్ల బట్టలు మా వార్డు ఇస్త్రీ గదిలోనే ఇస్త్రీ అవుతాయి. నేను కుర్చీలోంచి లేవబోతే వాడే ఆపేవాడు.

"కూర్చో వదినా, మోకాళ్ళు నొప్పులు కదా. నేనే తెచ్చుకుంటాలే."

చుట్టూ ఉన్నవాళ్ళు వినేట్టు అనేవాడు. ఎంత అభిమానమో చూడండే అనుకుని నేను మురిసిపోయేదాన్ని. తర్వాత వారానికోసారి కాస్తా రెండుసార్లు అయింది. అదీ నా కళ్ళముందే అయింది.

ఇస్త్రీ గదిలో పనిచేసే పిల్లకి ఇరవయ్యారేళ్ళుంటాయి. దొంగతనం కేసు, ఇంకో ఎనిమిది నెలల శిక్ష మిగిలింది. మాట తక్కువ, పని శుభ్రం. ఒకరోజు నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మా, నన్ను వంటగదిలో వెయ్యండి."

"పిచ్చా నీకు? పొగలో కళ్ళు పోగొట్టుకుంటావా? ఇక్కడ నీడపట్టున హాయిగా ఉన్నావు, ఒక్కదానికే గది."

"అందుకేనమ్మా," అంది.

నేను వినిపించుకోలేదు. కాదు, విన్నాను. అర్థం చేసుకునే తీరిక నాకు లేదు, అంతే.

వారం తిరక్కుండానే ఒక చొక్కా కాల్చింది. వీపు మీద సరిగ్గా ఇస్త్రీపెట్టె అచ్చు పడింది. అది చిన్నోడిది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, దాచకుండా, ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాలిపోయిందమ్మా. రిపోర్టు రాయండి."

యూనిఫాం పాడుచేస్తే ఇస్త్రీ పనినుంచి తీసి వంటగదికి పంపుతారు. దాంతోపాటు శిక్షలో రోజుల తగ్గింపు కూడా పోతుంది. నాకు జాలేసింది. "పరధ్యానం పిల్లా, ఎటు చూస్తున్నావే!" అని నెత్తిన మొట్టి, ఆ చొక్కా నా సంచిలో కుక్కుకున్నాను. ఇంటికి తీసుకెళ్ళి, లోపలి మడతలోంచి గుడ్డ కత్తిరించి, అతుకు కనబడకుండా కుట్టాను. చిన్నోడు చూశాడు.

"ఏమైంది దీనికి?"

"ఇస్త్రీ పిల్ల చెయ్యి జారింది పాపం. పెద్దది చెయ్యకు."

వాడు ఆ అతుకు వంక కాసేపు చూసి తొడుక్కున్నాడు.

పదిరోజులకి రెండోది. మళ్ళీ చిన్నోడిదే. మళ్ళీ కుట్టాను. మూడోది తెచ్చినప్పుడు ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఇది కూడా దాచేస్తారా అమ్మా?" అని అడిగింది.

"దాచక ఏం చెయ్యమంటావే? నీలాంటి చెల్లెలు నాకూ ఉంది," అన్నాను. ఎంత మంచిదాన్నో అని నన్ను చూసి నాకే ముచ్చటేసింది. ఆ పిల్ల వెళ్ళి ఇస్త్రీపెట్టె అందుకుంది.

ఆ మధ్యలోనే నాకు దవడ పన్ను నొప్పి లేచింది. మధ్యాహ్నం పన్నెండింటికి తోటి వార్డర్‌కి నోటిమాటగా చెప్పి, మా ఆయన్ని వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. పన్ను పీకించుకుని, బుగ్గ బూరెలా పొంగి, సాయంత్రం దాకా ఇంట్లో పడుకున్నాను. అప్పట్నుంచీ నాలుక ఊరుకోదు. పన్ను పోయిన సందులోకే పోయి తడుముతుంటుంది.

పదిహేను రోజులకోసారి మా వార్డుకి ఒక డాక్టరమ్మ వస్తుంది. ఇస్త్రీ పిల్ల చిన్నోడి సంగతి ఆవిడతో చెప్పింది. కొత్త చట్టం ప్రకారం విన్న డాక్టరు ఆ రోజే రాసి పైకి పంపాలట. పంపింది. మర్నాడు పొద్దున పదింటికల్లా సూపరింటెండెంట్ చిన్నోడి బెల్టు, తాళాలు తీసుకుని ఇంటికి పంపేశాడు. నాకు కబురు కుట్టుహాల్లో అందింది. ముప్ఫై మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. డ్యూటీ ఎలా దిగానో, ఇంటికి ఎలా వచ్చానో తెలీదు.

ఇంట్లో వాడు కాలు కాలిన పిల్లిలా ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందు గదిలోకి తిరుగుతున్నాడు. మా ఆయన కొట్టు మూసి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"వదినా, కంగారు పడకు. పుస్తకం ఉంది కదా. నేను వెళ్ళిన ప్రతిసారీ నీ సంతకం ఉంది. పదకొండుసార్లూ నువ్వు పక్కనే ఉన్నావు. ఎంక్వయిరీలో అదే చెప్పు, చాలు."

"నేను లేనుగా రా."

"ఆ సంగతి పుస్తకానికి తెలీదుగా."

"అసలేం జరిగింది, నాకు చెప్పు."

"ఏం జరగలేదు. దాని మాటలకేం, అది దొంగ."

"ఒట్టు?"

"అబ్బ, ఏం జరగలేదంటుంటే! అయినా జరిగితే మాత్రం... అదేం వద్దన్లేదు వదినా. ఇష్టపడే..." అని ఆగిపోయాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఒకటే చెప్పరా," అన్నాను. "జరగలేదా, ఇష్టపడిందా? రెండూ ఒకే నోటితో ఎలా చెప్తావు?"

వాడు నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పుడు కూర్చున్నట్టే. "నన్ను లోపలేస్తారు వదినా. ఆ చట్టం నీకు తెలుసు కదా. ఇష్టపడిందన్నా వినరు. ఏం జరగలేదనే నిలబడాలి. నువ్వొక్కదానివి ఆ మాట అంటే బయటపడతాను." వాడి తల నా మోకాలికి ఆనింది. ఆ జుట్టు నేను ఎన్నేళ్ళు దువ్వానో. చెయ్యి వెయ్యబోయి ఆగాను.

మా ఆయన గుమ్మంలోంచే అన్నాడు. "నిజం చెప్తే నీ ఉద్యోగం కూడా పోతుంది, ఆలోచించుకో. ముందే సంతకాలు పెట్టాననా చెప్తావు? ఇంట్లో ఇద్దరూ రోడ్డున పడతారు." మళ్ళీ తనే, "వాడు మన ఇంటి మనిషే," అన్నాడు.

"ఆ పిల్ల ఎవరింటి మనిషి?" అన్నాను.

విచారణకి ఇంకా తొమ్మిదిరోజులుంది. ఆ తొమ్మిదిరోజులూ నాకు తిన్నది ఒంటబట్టలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బీరువాలో బట్టలన్నీ తీసి మళ్ళీ సర్దాను, కడిగిన గిన్నెలే కడిగాను. ఒకరోజు మధ్యాహ్నం కుట్టుపెట్టె తీస్తే అడుగున చిన్నోడి చొక్కా ముక్కలు, కాలి గోధుమరంగు తిరిగినవి, మూడు కనిపించాయి. మూడింటినీ ఒడిలో పెట్టుకుని చూశాను. ఆఫీసర్లు ఎనిమిదిమంది. వారంలో నలభై చొక్కాలకి తక్కువ కాకుండా ఆ గదికి వెళ్తాయి. కాలినవి మూడు. మూడూ ఒకడివే. అప్పుడు అర్థమైంది నాకు. అరిచి చెప్పలేని పిల్ల కాల్చి చెప్పింది. నేను అతుకులు వేశాను. నేలమీద కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను.

పన్ను పీకిన డాక్టరు చీటీ గుర్తొచ్చింది. ఆ తేదీన మూడుగంటలకి చిన్నోడు లోపలికి వెళ్ళినట్టు, పక్కనే నా సంతకం ఉన్నట్టు పుస్తకంలో ఉంది. ఆ టైముకి నేను ఇంట్లో బుగ్గకి ఐసుముక్క పెట్టుకుని మూలుగుతున్నాను. మందుల డబ్బాలో వెతికాను. చీటీ లేదు. ఇల్లంతా వెతికాను. లేదు. మా ఆయన్ని అడిగితే, "ఏ చీటీ?" అన్నాడు, అద్దం కంటికి తగిలించుకుని గడియారంలోకి చూస్తూ. చింపేశాడనుకున్నాను. తమ్ముడు కదా.

విచారణ రోజు పొద్దున ఏడింటికే డ్యూటీ ఎక్కాను. పదకొండింటికి ఆఫీసుకి రమ్మన్నారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందే మా ఆయన నా కళ్ళజోడు పెట్టె తెచ్చి సంచిలో పెట్టాడు. ఆఫీసు బయట బల్లమీద కూర్చుని కళ్ళజోడు తీస్తే కింద ఒక మడత. పళ్ళ డాక్టరు చీటీ. గడియారాల కొట్టు నూనె వాసన వస్తోంది. ఇన్నాళ్ళూ దాన్ని కొట్లో దాచుకున్నాడన్నమాట. ఆ పొద్దున ఆయన టీ కూడా తాగకుండా కొట్టుకి వెళ్ళొచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఎంక్వయిరీ మేడమ్ పెద్దావిడ. దళసరి కళ్ళద్దాలు. పక్కన సూపరింటెండెంట్. నా ముందు గేటు పుస్తకంలోంచి తీసిన కాయితాలు పరిచారు, పదకొండు.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావే మేడమ్."

"అంటే ప్రతిసారీ ఆయనతో లోపలికి వెళ్ళారు. ఏం చూశారు?"

నాలుక పన్ను సందులోకి పోయింది. "సంతకాలు నావే మేడమ్. నేను లేను," అన్నాను.

సూపరింటెండెంట్ కుర్చీలో కదిలాడు. నేను చీటీ బల్లమీద పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చదివింది.

"ఇది ఒక్కరోజుకి సరిపోతుంది. మిగతా పదిరోజులు మీరు లేరని నమ్మేదెలా? ఇప్పుడు మాట మార్చారని అంటారు."

నిజమే. అప్పుడు నా కుడిచెయ్యి గుర్తొచ్చింది. పొద్దున ఏడింటికి, ఈ గొడవంతా బుర్రలో ఉండగానే, ఆ చెయ్యి ఏం చేసిందో గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్ళ అలవాటు. మనసు మారినా చెయ్యి మారలేదు.

"ఇవాళ్టి పుస్తకం తెప్పించండి మేడమ్."

"ఇవాళ్టిది ఎందుకు?"

"తెప్పించండి."

తెచ్చారు. పేజీ తెరిచింది. పేరు గళ్ళన్నీ ఖాళీ. టైము గళ్ళన్నీ ఖాళీ. ఆ రోజు ఇంకా ఒక్క మగ ఆఫీసరూ లోపలికి రాలేదు. తోడు గడిలో మాత్రం పైనుంచి కిందకి పన్నెండు సంతకాలు, ఇంకు ఆరిపోయి, వరసగా ఉన్నాయి.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇవాళ ఎవరికి తోడు వెళ్ళారు?"

"ఎవరికీ లేదు మేడమ్. ఎవరొస్తే వాళ్ళకి."

"ఇది రాసుకుంటే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు. నా ఉద్యోగం."

"ఇంకా?"

"మా చిన్నోడు," అన్నాను. ఆవిడ ఒక గ్లాసు నీళ్ళు నా వైపు జరిపి, రాసుకోవడం మొదలుపెట్టింది.

తర్వాతవన్నీ చకచకా జరిగాయి. చిన్నోడి మీద కొత్త చట్టం కింద కేసు పెట్టారు, వేరే ఊరి జైలుకి పంపారు. మా ఆయన వాడి గదికి తాళం వేసి తాళంచెవి గోడకి తగిలించాడు. నాతో అవసరమైన మాటలే మాట్లాడేవాడు, కానీ పొద్దున టీ మాత్రం తనే పెట్టి ఇచ్చేవాడు. నన్ను నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టి, భుజం మీద పట్టీ పీకేసి, కొత్తగా చేరినవాళ్ళ కింద వేశారు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల ఇప్పుడు నాకు పైవార్డర్. సరే, కర్మ. పుస్తకం కూడా మారింది. ఇప్పుడు తోడు గడి పక్కన టైము కూడా వెయ్యాలి.

మొదటి వాన పడిన వారం డ్యూటీకి వెళ్ళాను. ఇస్త్రీ పిల్ల వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. నేను వెళ్ళి పక్కన పీట మీద కూర్చున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఎంత నోరున్నదాన్ని!

"ఆ చొక్కాలు చెయ్యి జారి కాలలేదమ్మా," అంది తనే.

"తెలుసే."

"మొదటిది మీరు దాచినప్పుడు అర్థం కాలేదేమో అనుకున్నా. మూడోది కూడా దాచేశాక, అర్థమయ్యే దాస్తున్నారనుకున్నా. మీ మరిదిగారు కదా."

నేను లేదే, నాకు తెలీదే, అనబోయాను. ఆ పిల్లకి దాంతో ఏం తేడా? కత్తిపీట ఇటు లాక్కుని నేనూ ఒక ఉల్లిపాయ తీసుకున్నాను. ఆ పిల్ల వద్దనలేదు.

ఆ ఆదివారం చిన్నోణ్ణి చూడటానికి వెళ్ళాను. మా ఆయన బట్టల సంచి ఇచ్చి, తను రానన్నాడు. ఆ జైలు గేటు దగ్గర కూడా ఒక పుస్తకం ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళకి ఒక గడి, బయటికి వచ్చేవాళ్ళకి ఒక గడి. గేటు దగ్గరున్న కానిస్టేబులు రెండు గళ్ళూ వేలితో చూపించాడు.

"రెండు సంతకాలూ ఇప్పుడే పెట్టెయ్యండమ్మా. వచ్చేటప్పుడు రద్దీగా ఉంటుంది."

"వచ్చాకే పెడతాను నాయనా," అన్నాను. అతను విసుక్కున్నాడు. విసుక్కోనీ.

జాలీకి అవతల చిన్నోడు కూర్చున్నాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే మొహం అటు తిప్పుకున్నాడు. "కోర్టులో అదే చెప్తాను," అన్నాడు గోడవంక చూస్తూ. "ఇష్టపడిందనే చెప్తాను. వింటే విననీ, లేకపోతే లేదు. నిజం అదే. నువ్వు నన్ను ముంచావు వదినా."

నేను తిట్టడానికి వెళ్ళలేదు. ఏడవడానికీ వెళ్ళలేదు. ఒక్కటి అడగడానికి వెళ్ళాను.

"ఆ మూడు చొక్కాలు ఎందుకు కాలాయో నీకు తెలుసా?"

వాడు గోడవంకే చూస్తున్నాడు. పక్క జాలీల దగ్గర జనం గోలగోలగా మాట్లాడుతున్నారు.

"నా వంక చూడరా. నేను అతుకు వేసిన చొక్కా తొడుక్కునేటప్పుడు, అదెందుకు కాలిందో నీకు తెలుసా, తెలీదా?"

వాడు తల దించుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

బట్టల సంచి కానిస్టేబులుకిచ్చి గేటు దగ్గరికి వచ్చాను. వాన మొదలైంది, జనం తోసుకుంటున్నారు. నా వంతు వచ్చేదాకా నిలబడి, గోడ గడియారం చూసి టైము వేసి, బయటికి వచ్చే గడిలో సంతకం పెట్టాను.